నాటకం చూసినా నేరమే! 1876 చట్టం వెనక కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక స్కిట్‌తో మొదలుపెడతాను. స్టేజీ ఎక్కని స్కిట్ అది.

నేను బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు కాలేజీ ఫెస్ట్ కోసం మా బ్యాచ్ ఒక స్కిట్ రాసుకుంది. సబ్జెక్ట్ ఏంటంటే కండోనేషన్ ఫీజు. బీటెక్ చదివినవాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: అటెండెన్స్ తగ్గినవాళ్ల దగ్గర డబ్బు కట్టించుకుని పరీక్షకి కూర్చోనిస్తారు, దాన్నే కండోనేషన్ అంటారు. మా స్కిట్‌లో ఒక స్టూడెంట్ చచ్చిపోయి యమలోకానికి వెళ్తాడు. చిత్రగుప్తుడు చిట్టా తిరగేసి, "నీకు భూలోకంలో అటెండెన్స్ అరవై రెండు శాతమే ఉంది, నిన్ను ఇక్కడ చేర్చుకోవడం కుదరదు" అంటాడు. కుర్రాడు జేబులోంచి చలానా తీసి, "కండోనేషన్ కట్టేస్తా స్వామీ" అంటాడు. రిహార్సల్స్‌లో మేమే నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లం.

ఫెస్ట్ చూసుకుంటున్న సార్ స్క్రిప్ట్ తెమ్మన్నారు. తీసుకెళ్లింది నేనే. చదివి నవ్వారు కూడా. నవ్వేసి, "బాబూ, ఇదొద్దులే. ఇంకేదైనా కామెడీ చేసుకోండి" అన్నారు. "సార్, ఈ జోకు మన స్టూడెంట్స్ మీమ్స్ పేజీలో ఆరు నెలల నుంచీ ఉంది కదా" అన్నాను. దానికి ఆయన, "పేజీలో ఉంటే ఎవడి ఫోన్‌లో వాడు చూసుకుంటాడయ్యా. ఇక్కడ ఎనిమిది వందల మంది ఒకేసారి నవ్వుతారు. ముందు వరసలో మేనేజ్‌మెంట్ కూర్చుని ఉంటుంది" అన్నారు.

నేను సరే సార్ అనేసి బయటికొచ్చాను. స్కిట్ రాసిన ఫ్రెండ్ కారిడార్‌లో నిలబడి ఉన్నాడు. "ఒక్క మాటైనా వాదించావేంట్రా?" అని అడిగాడు. లేదన్నాను. మేం డాన్స్ చేశాం, వాడు ఫెస్ట్‌కే రాలేదు.

సార్ చెప్పిన మాట ఆ రోజు నాకు సాకులా అనిపించింది. జాబ్ మానేసి ఈ ఛానల్ పెట్టుకుని, నాటకాల చరిత్ర చదవడం మొదలెట్టాక తెలిసింది, ఆయన అసలు విషయమే చెప్పారని. ఒకే మాట ఫోన్‌లో ఉంటే పర్వాలేదు, పుస్తకంలో ఉన్నా పర్వాలేదు. అదే మాట స్టేజీ మీద, జనం మధ్య అంటే మాత్రం ఊరుకోరు. ఎందుకు? ఈ ఎపిసోడ్ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. ఏ కాలంలో ఏ నాటకాన్ని ఎవరు ఆపారో చూసుకుంటూ పోతే నాటకం అంటే ఏంటో కూడా తెలుస్తుంది.

ఏడిపించినందుకు వెయ్యి జరిమానా

ముందు గ్రీసు దేశానికి వెళ్దాం. యూరప్ నాటకం పుట్టింది అక్కడే, ఏథెన్స్ నగరంలో. డయోనైసస్ అనే దేవుడి ఉత్సవాల్లో నాటకాల పోటీలు జరిగేవి. మన ఊళ్లో జాతరకి ఊరంతా కదిలినట్టు, ఆ పోటీలకి నగరమంతా వచ్చి కూర్చునేది.

క్రీస్తుపూర్వం 494లో మిలీటస్ అనే నగరాన్ని పర్షియా సైన్యం నాశనం చేసింది. ఇప్పటి టర్కీ తీరంలో ఉండేది ఆ నగరం. అక్కడి జనం ఏథెన్స్ వాళ్లకి రక్తసంబంధీకుల్లాంటివాళ్లు. మగవాళ్లని చంపారు, ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత ఫ్రినికస్ అనే రచయిత ఈ ఘటన మీదే 'మిలీటస్ పతనం' అని ఒక నాటకం వేశాడు. హెరొడోటస్ అనే చరిత్రకారుడు ఏం రాశాడంటే, నాటకం చూస్తూ ప్రేక్షకులంతా ఏడ్చేశారట. అంతమందిని కదిలించినందుకు ప్రైజ్ ఇచ్చారనుకుంటున్నారా? వెయ్యి డ్రాక్మాల జరిమానా వేశారు. మన కష్టాన్ని మనకే గుర్తు చేశాడన్నది నేరం. ఆ నాటకాన్ని ఇంకెవరూ ఎప్పుడూ వేయకూడదని కూడా ఆర్డర్ వేశారు. ఆ నాటకం ఇప్పుడు మనకి దొరకదు కూడా.

మిలీటస్ పడిపోయిందన్న వార్త ఏథెన్స్‌లో అందరికీ ముందే తెలుసు. ఫ్రినికస్ కొత్తగా బయటపెట్టిన రహస్యం ఏమీ లేదు. ఇళ్లలో విడివిడిగా బాధపడుతున్నవాళ్లని ఒకచోట కూర్చోబెట్టి కలిసి ఏడిచేలా చేశాడు, అంతే.

క్రీస్తుపూర్వం 472లో ఈస్కిలస్ కూడా పర్షియా యుద్ధం మీదే 'పర్షియన్లు' అనే నాటకం వేశాడు. ఆయనకి మొదటి బహుమతి వచ్చింది. తేడా ఏంటంటే ఆ నాటకంలో ఏడ్చేది శత్రువులు, ఓడిపోయిన పర్షియా రాజు ఇంట్లోవాళ్లు.

మన మొదటి నాటకంలోనే గొడవ

ఇప్పుడు మన వైపుకి వద్దాం. భరతుడి నాట్యశాస్త్రం పేరు వినే ఉంటారు. అందులో మొదటి అధ్యాయంలో నాటకం ఎలా పుట్టిందో ఒక కథ ఉంటుంది. ఇది చరిత్ర కాదు, పురాణకథే. కానీ దాన్ని రాసినవాళ్లకి నాటకాలాడేవాళ్ల కష్టాలు బాగా తెలుసని చదివితే అర్థమవుతుంది.

బ్రహ్మ నాలుగు వేదాల్లోంచి సారం తీసి నాట్యవేదం చేసి భరతుడికి ఇస్తాడు. భరతుడు తన కొడుకులకి నేర్పిస్తాడు. ఇంద్రుడి జెండా పండగ రోజు మొదటి ప్రదర్శన. కథ ఏంటంటే, దేవతలు రాక్షసుల్ని ఓడించడం. ప్రేక్షకుల్లో రాక్షసులు కూడా ఉన్నారు! వాళ్లకి కోపం రాదా మరి? విఘ్నాలతో కలిసి మాయ చేసి నటుల మాట, కదలిక, జ్ఞాపకం అన్నీ కట్టేస్తారు. డైలాగ్ మర్చిపోయిన నటుడి మొహం మీరు చూసే ఉంటారు కదా, స్టేజీ మీద అందరిదీ అదే పరిస్థితి. ఇంద్రుడు జెండాకర్ర పీక్కొచ్చి వాళ్లని కొడతాడు. ఆ కర్ర పేరే జర్జరం.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చేది దీని తర్వాత వచ్చే భాగం. విశ్వకర్మ నాటకశాల కడతాడు, దేవతలు కాపలా ఉంటారు. అప్పుడు బ్రహ్మ రాక్షసుల్ని పిలిచి మాట్లాడతాడు. మీకెందుకు కోపం వచ్చిందని అడుగుతాడు. మమ్మల్ని అవమానించడానికి దేవతల కోసమే దీన్ని తయారు చేశావు అంటారు వాళ్లు. బ్రహ్మ వాళ్లని తిట్టడు. నాటకం మీ ఒక్కరి గురించో దేవతల ఒక్కరి గురించో కాదు, ఇందులో మూడు లోకాల్లో జరిగేదంతా ఉంటుందని నచ్చజెప్తాడు. ఈ సీన్ గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ చివర్లో దీంతో పని ఉంది.

ఇంగ్లండ్‌లో నవల పెరగడానికి ఒక కారణం

మన దేశంలో నాటకాల మీద చట్టం చేసింది ఇంగ్లీషువాళ్లు కాబట్టి వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో క్విక్‌గా చూసేద్దాం. 1642లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అక్కడి పార్లమెంటు నాటకశాలల్ని మూయించింది. షేక్‌స్పియర్ చనిపోయి అప్పటికి 26 ఏళ్లే. మళ్లీ 1660లో రాజు తిరిగొచ్చాకే తెరుచుకున్నాయి.

ఆ తర్వాత 1730ల్లో హెన్రీ ఫీల్డింగ్ అనే రచయిత ప్రధానమంత్రి రాబర్ట్ వాల్పోల్ మీద వరసగా వెటకారం నాటకాలు వేశాడు. వాల్పోల్ 1737లో లైసెన్సింగ్ చట్టం తెచ్చాడు. కొత్త నాటకం ఏదైనా సరే ముందు లార్డ్ చాంబర్లిన్ అనే రాజదర్బారు అధికారికి స్క్రిప్ట్ ఇవ్వాలి. ఆయన ఓకే అంటేనే స్టేజీ ఎక్కాలి. ఫీల్డింగ్ నాటకాలు మానేసి నవలలు రాసుకున్నాడు. 'టామ్ జోన్స్' అలా వచ్చిందే. నవలకి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు మరి! మా సార్ లాజిక్కే. ఎవరి గదిలో వాళ్లు కూర్చుని చదువుకుంటే భయం లేదు. ఇంగ్లండ్‌లో ఆ స్క్రిప్ట్ సెన్సార్ పోయింది ఎప్పుడో తెలుసా? 1968లో. బీటిల్స్ పాటలు పాడుతున్న కాలం వరకు నడిచిందన్నమాట.

నీలిమందు దొరలు, నీల్ దర్పణ్

ఇక అసలు కథ. ఇది బెంగాల్‌లో జరిగింది.

బట్టలకి వేసే నీలిరంగు అప్పట్లో మొక్క నుంచి తీసేవాళ్లు. ఆ నీలిమందు తోటల యజమానులు యూరోపియన్లు. రైతుకి కొంచెం అడ్వాన్స్ ఇచ్చి, వరి వేసుకునే పొలంలో నీలిమందు వేయించేవాళ్లు. వచ్చే రేటుకి ఆ అడ్వాన్స్ ఎప్పటికీ తీరదు. కాదన్నవాళ్లని గోదాముల్లో బంధించి కొట్టేవాళ్లు. 1859లో రైతులు మేం వేయం అని తిరగబడ్డారు.

మరుసటి ఏడాది, 1860లో, ఢాకాలో ఒక నాటకం అచ్చయింది. పేరు 'నీల్ దర్పణ్', అంటే నీలిమందు అద్దం. రాసింది దీనబంధు మిత్ర. ఆయన పోస్టల్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి, పని మీద ఊళ్లు తిరిగేవాడు కాబట్టి అన్నీ కళ్లారా చూశాడు. గవర్నమెంట్ ఉద్యోగం కావడంతో పుస్తకం మీద పేరు వేసుకోలేదు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని జేమ్స్ లాంగ్ అనే పాద్రీ అచ్చు వేయించాడు. దొరలు కోర్టుకెక్కారు. 1861లో లాంగ్‌కి నెల రోజులు జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. గమనించారా, మళ్లీ వెయ్యే. కోర్టులోనే ఉన్న కాళీప్రసన్న సింహ అనే బెంగాలీ రచయిత అక్కడికక్కడే ఆ డబ్బు కట్టేశాడు.

ఇప్పటిదాకా శిక్ష పడింది అనువాదానికి. ఇంగ్లీషు వెర్షన్ దొరల పరువు తీసిందన్నది కేసు. నాటకాలన్నిటి మీదా చట్టం చేయాలన్న ఆలోచన ఇంకా రాలేదు. అది స్టేజీ ఎక్కాక వచ్చింది.

1872 డిసెంబర్ 7న కలకత్తాలో నేషనల్ థియేటర్ అని కొందరు కుర్రాళ్లు టిక్కెట్టు పెట్టి నీల్ దర్పణ్ ఆడారు. అంతకుముందు మంచి నాటకాలంటే జమీందార్ల బంగళాల్లో పిలిచిన అతిథులకే. ఇప్పుడు టిక్కెట్టు డబ్బులు ఉంటే ఎవరైనా చూడొచ్చు. ఈ నాటకం గురించి బెంగాల్‌లో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. దొర వేషం వేసిన అర్ధేందు శేఖర్ ముస్తఫీ మీదకి ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కోపం ఆపుకోలేక చెప్పు విసిరారట. అర్ధేందు దాన్ని తలకి అద్దుకుని నా నటనకి ఇదే బహుమతి అన్నాడట. నిజంగా జరిగిందో లేదో గానీ, నాటకం జనాన్ని ఎంత కదిలించిందో ఆ కథ చెప్తుంది.

1875లో గ్రేట్ నేషనల్ థియేటర్ అనే కంపెనీ ఇదే నాటకాన్ని లక్నో తీసుకెళ్లింది. ఆ ట్రూప్‌లో బినోదినీ దాసి అనే చిన్న వయసు నటి ఉంది. తర్వాత ఆమె రాసుకున్న ఆత్మకథలో ఆ రాత్రి గురించి ఉంది. నాటకంలో ఒక సీన్‌లో దొర ఒక రైతు కూతుర్ని చెరచబోతాడు. తోరాప్ అనే ముస్లిం రైతు వచ్చి దొరని పట్టుకుని బాదుతాడు. ప్రేక్షకుల్లో యూరోపియన్లు కూడా ఉన్నారు. సీన్ చూసి వాళ్లు లేచి స్టేజీ మీదకి వచ్చేశారు. ఆట ఆగిపోయింది. ట్రూప్ బతుకుజీవుడా అని లక్నో నుంచి బయటపడింది.

నాట్యశాస్త్రంలో రాక్షసులు స్టేజీని స్తంభింపజేసిన సీన్ గుర్తొచ్చిందా? నాకైతే అదే గుర్తొచ్చింది.

వేల్స్ యువరాజు, ఒక లాయరు ఇల్లు

చట్టానికి చివరి కారణం మాత్రం ఒక కామెడీ. 1875 చివర్లో వేల్స్ యువరాజు కలకత్తా వచ్చాడు. జగదానంద ముఖర్జీ అనే పేరున్న లాయరు ఆయన్ని ఇంటికి పిలిచి, ఇంట్లో ఆడవాళ్ల చేత స్వాగతం చెప్పించాడు. పరాయి మగవాడి ముందుకి ఆడవాళ్లు రాని కాలం అది. ఊరంతా ఇదే ముచ్చట. గ్రేట్ నేషనల్ వాళ్లు ఊరుకుంటారా? 1876 ఫిబ్రవరిలో 'గజదానంద' అని పేరు మార్చి నాటకం వేసేశారు. పోలీసులు ఆపారు. వాళ్లు అదే నాటకాన్ని 'హనుమాన్ చరిత్ర' అని పేరు పెట్టి మళ్లీ వేశారు. మళ్లీ ఆపారు. ఆ తర్వాత పోలీసుల మీదే వేశారు. పోలీస్ కమిషనర్ పేరు హాగ్, సూపరింటెండెంట్ పేరు లాంబ్. ఇంగ్లీషులో ఆ పేర్లకి పంది, గొర్రెపిల్ల అని అర్థం వస్తుంది. నాటకం పేరు 'ది పోలీస్ ఆఫ్ పిగ్ అండ్ షీప్'. అప్పట్లోనే ఈ రేంజ్ ట్రోలింగ్!

ఫిబ్రవరి 29న వైస్రాయ్ నార్త్‌బ్రూక్ ఆర్డినెన్స్ తెచ్చాడు. మార్చి మొదటి వారంలో థియేటర్ మీద పోలీసులు పడి డైరెక్టర్ ఉపేంద్రనాథ్ దాస్, మేనేజర్ అమృతలాల్ బోస్ సహా చాలామందిని అరెస్టు చేశారు. వేరే నాటకంలో అశ్లీలం ఉందని కేసు పెట్టి ఇద్దరికీ నెల రోజుల జైలు వేశారు. హైకోర్టులో ఆ కేసు నిలబడలేదు. కానీ డిసెంబర్‌లో ఆర్డినెన్స్ కాస్తా చట్టమైంది. అదే 1876 నాటక ప్రదర్శనల చట్టం.

ఈ చట్టంలో ఏముందో నేను కూర్చుని మొత్తం చదివాను. పెద్దదేం కాదు, పన్నెండు సెక్షన్లు. పరువు తీసేలా ఉన్నా, ప్రభుత్వం మీద వ్యతిరేకత రేపేలా ఉన్నా, చూసేవాళ్లని చెడగొట్టేలా ఉన్నా ఆ నాటకాన్ని ప్రభుత్వం ఆపేయొచ్చు. పోలీసులు లోపలికెళ్లి మనుషుల్ని పట్టుకోవచ్చు, సీన్ తెరలు, దుస్తులు కూడా ఎత్తుకుపోవచ్చు. మూడు నెలల వరకు జైలు. ఇంతవరకు మనం ఊహించేదే.

ఆరో సెక్షన్ దగ్గర ఆగిపోయాను. నిషేధించిన నాటకం ఆడినవాళ్లకే కాదు, నిషేధం ఉందని తెలిసి కూడా ప్రేక్షకుడిగా అక్కడ కూర్చున్నవాడికీ అదే శిక్ష. మీరు ఒక్క డైలాగ్ చెప్పలేదు, ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఊరికే కూర్చుని చూశారు. అయినా నేరమే. చట్టం రాసినవాళ్లకి నాటకం అంటే ఏంటో కరెక్టుగా తెలుసు. స్టేజీ మీద ఉన్నది సగమే, మిగతా సగం కింద కూర్చున్న జనం. ఇద్దరూ కలిస్తేనే నాటకం అవుతుంది కాబట్టి ఇద్దర్నీ పట్టుకోవాలి.

1878లో భారతీయ భాషా పత్రికల నోరు నొక్కడానికి వేరే చట్టం తెచ్చారు. అది సుమారు నాలుగేళ్లకే రిపన్ కాలంలో రద్దయిపోయింది. నాటకాల చట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు.

కీచకుడి వేషంలో కర్జన్

చట్టం ఉన్నచోట సందు కూడా ఉంటుంది. పన్నెండో సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. మతపరమైన ఉత్సవాల్లో ఆడే జాత్రా లాంటి ప్రదర్శనలకి ఈ చట్టం వర్తించదు. దేవుడి ఉత్సవం జోలికి పోతే గొడవవుతుందని వాళ్లకి తెలుసు.

టిక్కెట్టు నాటకాలకి ఆ మినహాయింపు దొరకదు. కానీ పురాణకథ చాటు మాత్రం దొరుకుతుంది. మరాఠీలో తిలక్ అనుచరుడు ఖాడిల్కర్ 1907లో 'కీచక వధ' రాశాడు. పైకి విరాటపర్వం కథే. కీచకుడు ద్రౌపదిని వేధిస్తాడు, ధర్మరాజు ఓర్చుకోమంటాడు, భీముడు చంపేస్తాడు. కానీ కింద కూర్చున్నవాళ్లకి కీచకుడిలో లార్డ్ కర్జన్ కనిపించాడు, ద్రౌపదిలో దేశం కనిపించింది, ధర్మరాజులో మితవాదులు, భీముడిలో అతివాదులు. స్క్రిప్ట్‌లో ఎక్కడా కర్జన్ పేరు లేదు. మరి ఏ లైను కొట్టేయాలి? ఆ అర్థం కాగితం మీద లేదు, జనం బుర్రలో ఉంది. 1910లో మొత్తం నాటకాన్నే నిషేధించారు.

తెలుగులో కూడా ఇదే దారి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో దామరాజు పుండరీకాక్షుడు 'పాంచాల పరాభవం' రాశాడు. పేరు వింటే ద్రౌపది కథ అనుకుంటాం. కానీ పాంచాలం అంటే పంజాబు, పరాభవం అంటే జలియన్‌వాలాబాగ్. ఆయన నాటకాల్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది.

ఇక 1947లో 'మా భూమి'. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాశారు, ప్రజానాట్యమండలి ఆడింది. నిజాం రాజ్యంలో జమీందార్ల మీద తెలంగాణ రైతులు చేస్తున్న పోరాటం కథ. పోరాటం ఇంకా నడుస్తుండగానే పక్కన ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా దళాలు ఈ నాటకం ఆడాయి. పేపర్ చదవలేని రైతుకి కూడా నల్గొండలో ఏం జరుగుతోందో నాటకం చూస్తే తెలిసిపోయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి తెల్లవాళ్లు వెళ్లిపోయారు, గమనించండి. అన్నట్టు, గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమా దీన్నుంచి తీసింది కాదు. అది కిషన్ చందర్ నవల నుంచి వచ్చింది. పేరొక్కటే అవడంతో చాలామంది పొరబడతారు.

స్వాతంత్ర్యం వచ్చాక

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, వాక్‌స్వాతంత్ర్యం వచ్చింది. 1876 చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. 1953లో లక్నోలో ఇప్టా వాళ్లు ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథని నాటకంగా వేస్తే ఈ చట్టం కిందే కేసు పెట్టారు. మనలో చాలామంది హిందీ పాఠంలో చదివాం ఆ కథని. హమీద్ అనే పిల్లాడు పండగ డబ్బులతో బొమ్మలు కొనుక్కోకుండా, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ చేతులు కాలుతున్నాయని పట్టకారు కొనే కథ. దాని మీద కేసు! 1956లో అలహాబాద్ హైకోర్టు ఈ చట్టం రాజ్యాంగానికి సరిపడదని తేల్చింది. అయినా పార్లమెంటు దాన్ని పూర్తిగా రద్దు చేసింది పాత చట్టాల ఏరివేతలో, 2018 జనవరిలో. అంటే నేను కండోనేషన్ స్కిట్ తీసుకుని సార్ రూమ్‌కి వెళ్లినప్పుడు, కాగితం మీద ఆ చట్టం ఇంకా బతికే ఉంది.

చట్టం లేకపోయినా నాటకాన్ని ఆపే పద్ధతులు వేరే ఉన్నాయి. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో సఫ్దర్ హష్మీ బృందం కార్మికుల మధ్య 'హల్లా బోల్' అనే వీధినాటకం ఆడుతుంటే గూండాలు దాడి చేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు. సఫ్దర్ మర్నాడు చనిపోయాడు, 34 ఏళ్లు. జనవరి 4న సఫ్దర్ భార్య మలయశ్రీ, మిగతా నటులు అదే చోటికి వెళ్లి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. నేను దీని గురించి ఇంకేం చెప్పను.

చింతామణి విషయం

ఇంతవరకు చెప్పినవన్నీ ఈజీ కేసులు. ఆపింది తప్పు అని మీరూ నేనూ ఒప్పేసుకుంటాం. ఇప్పుడు కొంచెం కష్టమైనది.

'చింతామణి' పద్యనాటకం. కాళ్లకూరి నారాయణరావు సుమారు వందేళ్ల కిందట రాశారు. వేశ్యావ్యసనం కుటుంబాల్ని ఎలా కూలుస్తుందో చెప్పే సంస్కరణ నాటకం. అందులో ఆస్తి పోగొట్టుకునే సుబ్బిశెట్టి పాత్ర ఉంటుంది. కాలం గడిచేకొద్దీ చాలా ట్రూపులు చప్పట్ల కోసం ఆ పాత్రకి బూతు జోకులు కలుపుకుంటూ పోయాయి. ఆ పాత్రతో తమని వెక్కిరిస్తున్నారని ఆర్యవైశ్య సంఘాలు ఏళ్లతరబడి అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. ఈ నాటకం మీదే బతుకుతున్న కళాకారులు మా నోటి దగ్గర కూడు తీశారని బాధపడ్డారు.

ఇక్కడ విలన్ ఎవరు? నాకు దొరకలేదు. జాతరలో వేలమంది మధ్య తమ కులం పేరుతో నవ్వుతుంటే కూర్చోవాల్సొచ్చిన మనిషి బాధ నిజమే. ఎనిమిది వందల మంది కలిసి నవ్వితే మేనేజ్‌మెంట్‌కి కాలుతుందని మేం సరదా పడ్డాం. అదే నవ్వు బలం లేనివాడి మీద, ఒక కులం మీద పడితే అంతే గట్టిగా తగులుతుంది. స్టేజీకి ఉన్న బలం రెండు వైపులా పనిచేస్తుంది. నవ్వేవాళ్లలో మనం ఉంటే ఒకలా, నవ్వించుకునే కుర్చీలో మనం ఉంటే ఇంకోలా అనిపిస్తుంది.

అలాగని నిషేధం కరెక్టు అని నేను అనుకోను. కలిపిన బూతు తీసేయమని అడగొచ్చు, ఒరిజినల్ స్క్రిప్ట్‌కి కట్టుబడమనొచ్చు, సంఘాల్నీ కళాకారుల్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించొచ్చు. నాట్యశాస్త్రంలో బ్రహ్మ చేసింది అదే కదా. ఇంద్రుడు కర్ర తీసుకున్నాడు, ఆ పూటకి గొడవ ఆగింది. తర్వాత నాటకం నడవడానికి మాత్రం మాటలే కావాల్సొచ్చాయి. కోపమొచ్చినవాళ్లని కూడా ప్రేక్షకులుగానే లెక్కేసి, మీకేం బాధ కలిగిందని అడగాల్సొచ్చింది.

చివరిగా

నా ఛానల్‌లో నేను చాలా మాటలు మాట్లాడతాను. ఇప్పటిదాకా నన్నెవరూ ఆపలేదు. మొదట్లో అది ధైర్యం అనుకునేవాణ్ని. ఇప్పుడు అనిపిస్తుంది, సార్ చెప్పింది నాకే వర్తిస్తుందని. ఈ వీడియో మీరు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నారు, ఇంకొకరు పడుకునే ముందు చూస్తున్నారు. వేలమంది చూస్తారు గానీ ఒక్కరు కూడా పక్కవాడి మొహం చూడరు. పక్కవాడు కూడా నాలాగే అనుకుంటున్నాడా అనే డౌట్ తీరేది పక్కన కూర్చున్నప్పుడే. అందుకే ఈ ఎపిసోడ్ చూసి ఆపేయకండి. మీ ఊళ్లో శ్రీరామనవమికో, జాతరకో పద్యనాటకం ఉంటే వెళ్లండి. హైదరాబాద్‌లో ఉంటే రవీంద్రభారతిలో ఏముందో కనుక్కోండి. బోర్ కొడితే మధ్యలో లేచి రండి, పర్వాలేదు. కానీ ఒకసారి స్టేజీ వైపు కాకుండా వెనక్కి తిరిగి జనం మొహాలు చూడండి. 1876లో ప్రభుత్వం భయపడింది వాటిని చూసే.

స్కిట్ రాసిన నా ఫ్రెండ్‌కి ఈ స్క్రిప్ట్ పోయిన వారం పంపాను. ఇప్పుడు బెంగళూరులో టెస్టింగ్‌లో చేస్తున్నాడు. "బాగుంది మామా. కానీ ఆ రోజు ఒక్క మాటైనా అని ఉండాల్సింది" అని మెసేజ్ పెట్టాడు. అవును, అని ఉండాల్సింది. సార్ ఒప్పుకునేవారు కాదేమో, అయినా అడిగి ఉండాల్సింది.

మీ స్కూల్లోనో కాలేజీలోనో ఊళ్లోనో ఇలా ఆగిపోయిన నాటకం ఏదైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి. ఎవరు ఆపారో పేర్లు వద్దు, నాటకం ఏంటో చెప్పండి. వచ్చే ఎపిసోడ్ సురభి కుటుంబాల గురించి. అప్పటివరకు ఉంటాను మరి, నమస్తే.